రాత్రి ఉతికితే పొద్దునకు ఆరే చొక్కా



ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరిగే మగవాళ్ళు ఏం సర్దుకోవాలి, ఎంత సర్దుకోవాలి అన్నది ఇవాళ్టి ముచ్చట. బట్టల సంగతికి వచ్చే ముందు సంచి సంగతి తేల్చుకుందాం. నన్నడిగితే, చక్రాల పెట్టె మన హైదరాబాదు ఉప్పల్‌లో నడవదు.

విమానాశ్రయంలో నున్నటి నేల మీద అది వేలు పట్టుకున్న చిన్నపిల్లాడిలా బుద్ధిగా వెంట వస్తుంది. అదే పెట్టెను బోడుప్పల్ వైపు నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దాకా ఈడ్చుకు రమ్మనండి, తెలుస్తుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ అని 2018లో మొదలుపెట్టిన పని ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చింది. స్తంభాల పక్కన మిగిలిన దారిలోనే బస్సులు, ఆటోలు, హన్మకొండ వెళ్ళే కార్లు, కాలినడకన మనం. ఎండాకాలం కంకర దుమ్ము, వానాకాలం బురద. ఆ బురదలో దిగిన చక్రం మళ్ళీ తిరగాలంటే పుల్లతో గీకాలి. రింగు రోడ్డు దగ్గర 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచాక పైన మాత్రం హాయిగా ఉంది. లిఫ్టులున్నాయి, మెట్రో స్టేషన్‌లోకి నేరుగా నడిచిపోవచ్చు. కానీ స్కైవాక్ దాకా రావాలి కదా!

పెట్టెకు చక్రాలు కట్టాలన్న ఆలోచనకు బెర్నార్డ్ సాడో అనే అమెరికన్ 1972లో పేటెంటు పొందాడు. నిలబెట్టి, పొడుగు పిడి పట్టుకుని లాక్కెళ్ళే ఇప్పటి ట్రాలీని 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారు చేశాడు. పైలట్ నడిచే దారి ఎలా ఉంటుందో, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలే వేళ దారి ఎలా ఉంటుందో మీకే తెలుసు. మన దారికి భుజాన వేసుకునే సంచే సరి. భుజాన వేసుకోవాలంటే బరువు తగ్గాలి. నా వరకు ఈ లెక్క అక్కడ మొదలైంది. ఏదో వైరాగ్యం పుట్టి బట్టలు తగ్గించుకున్నవాణ్ణి కాను.

ఈ ప్రాంతం నుంచి పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడల్లో మందుల ల్యాబులు, యంత్రాల విడిభాగాలు చేసే షెడ్లు, ఎగుమతికి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్, బ్యాక్ ఆఫీసు కంపెనీలున్నాయి. హబ్సిగూడ వైపు పోతే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ పరిశోధన సంస్థలున్నాయి. మిషన్ బిగించడానికి పోయే ఇంజనీరు, ఆర్డరు కోసం తిరిగే సేల్స్ మనిషి, కాన్ఫరెన్సుకు పోయే పరిశోధకుడు, మాలాగా మందుల ఫ్యాక్టరీల తనిఖీకి పోయే క్వాలిటీ వాళ్ళు, అందరం ఒకే మెట్రో ఎక్కుతాం. మా దారులు పరవాడ, అంకలేశ్వర్, వాపి, బద్ది. ఎక్కడా మూడు నాలుగు రోజులకు మించిన పని ఉండదు. అయినా కొందరి సంచులు చూస్తే కాపురం పెట్టడానికి పోతున్నారేమో అనిపిస్తుంది.

పూర్వం అలా మోసుకుపోవడంలో అర్థముంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. మన హైదరాబాదు మీదుగానే వెళ్ళాడాయన. చేరిన చోట నీడ ఉంటుందో లేదో, వంట సాగుతుందో లేదో తెలియని ప్రయాణం అది. ఇప్పుడు మనం దిగే లాడ్జిలో తువ్వాలుంది, సబ్బుంది, నీళ్ళున్నాయి, వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. ఇన్ని ఉన్నా చొక్కాలు మడతపెట్టే వేళకు చెయ్యి ఆగదు. నాలుగు రోజులకు నాలుగు, కూర పడితే ఒకటి, వాన వస్తే ఒకటి, ఎందుకైనా మంచిదని ఇంకొకటి. ఈ చివరిది ఎప్పుడూ మడత విప్పకుండానే ఇంటికొస్తుంది. ఇస్త్రీ పాడై వస్తుంది గనక మళ్ళీ దానికో ఖర్చు.

ఎన్ని చొక్కాలు కావాలన్నది రోజుల లెక్క కాదు. రాత్రి ఉతికిన చొక్కా పొద్దున ఎనిమిదింటికి ఆరుతుందా లేదా? ఆరితే మూడు చొక్కాలతో మూడు రోజులూ ఉండొచ్చు, పది రోజులూ ఉండొచ్చు, సంచి బరువు మారదు. ఆరకపోతే రోజుకొకటి మోయక తప్పదు.

ఆరడం గుడ్డను బట్టి ఉంటుంది. కాటన్ మామూలు గాలిలో ఊరికే ఉన్నప్పుడే తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకుని కూర్చుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే నీళ్ళలో ముంచి తీస్తే కాటన్ చొక్కా బరువెక్కి వేలాడుతుంది, పాలిస్టర్ చొక్కా దులిపితే సగం నీళ్ళు వదిలేస్తుంది. అలాగని నూటికి నూరు పాలిస్టర్ మన ఎండలకు వద్దు. ఒంటి జిడ్డు దానికి అంటుకుంటే ఒక్క ఉతుకుకు పోదు, మధ్యాహ్నానికల్లా వాసన పట్టుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు మనకంటే ముందు తెలుస్తుంది. 65 పాళ్ళు పాలిస్టర్, 35 పాళ్ళు కాటన్ కలిపిన పాత టెర్రీకాటనే తిరిగేవాడి గుడ్డ. అరవైల్లో, డెబ్బైల్లో టెర్లిన్ చొక్కా వేసుకున్నవాడు ఊళ్ళో దొరబాబు. తర్వాత దాన్ని చవకగుడ్డ కింద జమకట్టారు. ప్యూర్ కాటన్ అని చీటీ చూసి మురిసిపోయే కాలం వచ్చింది. మురవండి, కానీ ఆ చొక్కాను హైదరాబాదులోనే తొడగండి.

ఊరును బట్టి కూడా ఉంటుంది. ఏప్రిల్‌లో మన నాచారం డాబా మీద కాటన్ చొక్కా అయినా టీ తాగి వచ్చేలోపు ఆరుతుంది. ఆగస్టులో విశాఖలో అదే చొక్కా రాత్రంతా తీగ మీద ఉన్నా కాలరు, జేబు, కఫ్ తడితడిగానే ఉంటాయి. సముద్రపు గాలిలో అప్పటికే ఉండాల్సినంత తేమ ఉంటే చొక్కాలోది ఎక్కడికి పోవాలి?

దానికీ ఉపాయం ఉంది. కొంచెం ఓపిగ్గా వినండి. చొక్కా మొత్తం బండకేసి బాదక్కర్లేదు. కాలరు లోపలి మడత, కఫ్ అంచులు, చంకలు, ఈ మూడు చోట్ల స్నానం సబ్బు రుద్ది, మిగతాదంతా నీళ్ళలో జాడిస్తే చాలు. మెలితిప్పి పిండొద్దు, పిండినచోట పడ్డ ముడత ఇస్త్రీకి కూడా లొంగదు. గోడకానించి అరచేతితో నొక్కండి. తర్వాత లాడ్జివాడిచ్చిన మందపాటి తువ్వాలును మంచం మీద పరిచి, దాని మీద చొక్కా పరిచి, రెండింటినీ కలిపి చాపలా చుట్టండి. ఆ చుట్టను కింద పెట్టి దాని మీద నిలబడి నాలుగడుగులు వేయండి. విప్పి చూస్తే తువ్వాలు తడిసి ఉంటుంది, చొక్కా చెమ్మగా మాత్రమే ఉంటుంది. హ్యాంగరుకు వేసి, పై గుండీ పెట్టి, కాలరు లేపి, భుజాలు సరిచేసి, ముందు పట్టీని కిందికి లాగి వదలండి. బాత్‌రూములో వేలాడదీయొద్దు, అక్కడి గాలి అక్కడే తిరుగుతుంది. గదిలో, ఏసీ గాలి తగిలేచోట వేయండి. ఏసీ గదిలోని తేమను తీసి బయటికి పంపుతుంది. బయట గొట్టంలోంచి కారే చుక్కలు అవే కదా. ఏసీ లేని గదైతే ఫ్యాను కింద కుర్చీ వీపుకు తగిలించండి. టెర్రీకాటన్ అయితే తెల్లవారేసరికి సిద్ధం, ఇస్త్రీ కూడా అంతగా అడగదు.

అడిగితే ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె బరువుకు వచ్చే పదును కరెంటు పెట్టెకు రాదని నా నమ్మకం. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. ఆ పుణ్యాన కరెంటు పెట్టెలు పెరిగితే పెరగనీ, చేసేవాడికి పొగ బాధ తగ్గుతుంది. ప్రయాణానికి ముందు ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: సంచి వెడల్పు ఇంత, ఈ వెడల్పుకే మడవాలి అని. మామూలు మడత సంచిలో పట్టక మనం మళ్ళీ మధ్యకు మడిచినప్పుడే పొట్ట మీద అడ్డగీత పడుతుంది. మీటింగులో అందరి చూపూ ఆ గీత మీదే ఉంటుంది.

మడత మాట వచ్చింది కాబట్టి, అది నేర్చుకోవాలంటే నాచారం దాటి పోనక్కర్లేదు. ఇక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం ఆడవాళ్ళు చేసే పనే అది. చొక్కాకు గుండీలు పెట్టి, బోర్లా పరిచి, వీపు మీద అట్ట పెడతారు. రెండు చేతుల్నీ అట్ట అంచు వెంట వెనక్కి మడిచి, కింది భాగం పైకి తెచ్చి, క్లిప్పులతో బిగిస్తారు. కాలరు కూలకుండా లోపల ప్లాస్టిక్ పట్టీ, గుండీ కింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న ముక్క. అలా మడిచిన చొక్కా డబ్బాలో సముద్రం దాటి పోయినా అవతల నలగకుండా దిగుతుంది. మనం చేసేదేమిటి? కొత్త చొక్కా విప్పగానే అట్టనూ క్లిప్పులనూ చెత్తబుట్టలో వేస్తాం. ఒక అట్ట, ఒక కాలరు పట్టీ దాచుకోండి. రెండు చొక్కాల మధ్య డ్రైక్లీనింగ్ వాడిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు వేస్తే ఒకదాని మీద ఒకటి జారుతాయే గాని నలగవు.

ప్యాంట్లు రెండు చాలు, ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. బొగ్గు రంగు ఒకటి, ముదురు నీలం ఒకటి. గళ్ళవీ చారలవీ వద్దు, రెండోసారి వేస్తే పట్టుబడిపోతారు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా వెళ్ళాలి, అదొక్కటే షరతు. ఉన్ని, పాలిస్టర్ కలిసిన టెర్రీవూల్ అయితే రాత్రి హ్యాంగరుకు వేస్తే పొద్దునకు మోకాళ్ళ దగ్గర ఉబ్బు దానంతటదే సర్దుకుంటుంది. ఉన్ని పోగుకు వంపు సహజం, వంచితే మళ్ళీ లేస్తుంది. జీన్స్ మాత్రం ఇంట్లో వదిలేయండి. ముప్పావు కిలో బరువు, తడిస్తే రెండు రోజులు ఆరదు, దానితో ఏ మీటింగుకూ పోలేం. జీన్స్ ప్రయాణానికి అనువని ఎవరు చెప్పారో గాని, లోకం నమ్మేసింది.

ఇక మా తనిఖీ వాళ్ళ సంగతి వేరు. మందుల ఫ్యాక్టరీలో మంచి చొక్కాకు పని మొదటి గంటలోనూ చివరి గంటలోనూ మాత్రమే ఉంటుంది. ఓపెనింగ్ మీటింగ్, క్లోజింగ్ మీటింగ్. మధ్యలో రోజంతా వాళ్ళిచ్చిన గౌను, టోపీ, మాస్కులోనే తిరుగుతాం. శుభ్రతను బట్టి కొన్ని విభాగాల్లో మన బట్టలు పూర్తిగా విప్పి లాకర్లో పెట్టి వాళ్ళ సూటు తొడుక్కోవాలి. ఆ సూట్లు పాలిస్టర్‌వే, కాటన్ అయితే నూగు రాలుతుంది కనక. గడియారం, ఉంగరం, సెల్‌ఫోన్ బయటే. సెంటు, పౌడరు పూసుకుని లోపలికి పోకూడదు. కాబట్టి ఆ సీసాలు సంచిలోంచి తీసేయొచ్చు, అదొక లాభం.

కానీ అక్కడొక బెంచీ ఉంటుంది, గది మధ్యలో అడ్డంగా. ఇటువైపు కూర్చుని మన బూట్లు విప్పాలి. విప్పిన కాలు ఇటు నేలకు తాకకుండా బెంచీ మీదుగా అటు తిప్పి, అక్కడి చెప్పుల్లో పెట్టాలి. కంపెనీ పెద్దలు, మన పెద్దలు అందరూ వరసగా నిలబడి చూస్తుంటారు. బొటనవేలు దగ్గర చిరుగున్న సాక్సు ఎంత ఖరీదైన చొక్కానైనా ఓడించేది అక్కడే. ఇలాంటి బెంచీలు రోజుకు ఎన్నో దాటాలి గనక లేసుల బూట్లు వద్దు, తొడిగితే దిగే బూట్లే మేలు. సాక్సులు మాత్రం పిసినారితనం లేకుండా కొత్తవి, రోజుకొక జత. ఇంత తగ్గించమని చెప్పే నేను ఎక్కువ పెట్టుకోమనేది ఈ ఒక్కటే. యంత్రాలు బిగించే మిత్రులు ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు సొంతంగా తెచ్చుకోవాల్సి వస్తే, వాటిని సంచిలో వేయకుండా కాళ్ళకే తొడుక్కుని బయల్దేరడం మేలు. విమానాశ్రయంలో ఒకసారి విప్పించి చూస్తారు, అంతే.

బద్ది వెళ్ళేవాళ్ళ చలిభయం గురించి ఒక్క ముక్క. చండీగఢ్‌లో దిగి పోవాలి, హిమాచల్ కొండల మొదట్లోనే ఉంటుంది ఊరు. జనవరిలో చలి నిజమే, మంచు కొండలు మాత్రం కావు. లోపల ఒక ఇన్నరు, పైన ఒక చేతుల్లేని స్వెట్టరు, ఆ పైన కోటు. కోటును సంచిలో కుక్కొద్దు, ఒంటి మీదే ఉండనివ్వండి. దాని జేబుల్లో టికెట్టు, చార్జరు, పెన్ను పట్టిపోతాయి.

రాత్రికి లుంగీ. దీన్ని మించిన ప్రయాణపు గుడ్డను ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. కట్టుకోవచ్చు, రైల్లో కప్పుకోవచ్చు, స్నానానికి చాటు చేసుకోవచ్చు, లాడ్జి దుప్పటి నచ్చకపోతే దాని మీద పరుచుకోవచ్చు. పక్కన ఈరెళ తువ్వాలు ఒకటి, పిడికిట్లో పట్టేంత, అరగంటలో ఆరేంత. పని తిరుపతిలో పడిందా, పంచె, ఉత్తరీయం తప్పకుండా సంచిలో పెట్టుకోండి. పని అయ్యాక కొండెక్కకుండా మనం రాలేం కదా. 300 రూపాయల దర్శనానికైనా, ఆర్జిత సేవకైనా మగవాళ్ళు పంచె ఉత్తరీయమో కుర్తా పైజమానో వేసుకోవాలి. ప్యాంటూ చొక్కాతో పోయి, కొండ మీద దుకాణంలో రెట్టింపు పెట్టి పంచె కొనేవాళ్ళను చూస్తూనే ఉంటాం.

సాయంత్రం భోజనానికి పిలిస్తే వేసుకోవడానికి మూడో చొక్కా పోచంపల్లిది పెట్టుకోండి. ఉప్పల్ నుంచి బస్సెక్కితే పోయొచ్చే ఊరే. నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి అంచులు చెదిరినట్టుండే ఆ డిజైన్లో ముడతలు కనిపించవు. కాటన్ కదా, ఇందాక వద్దన్నావు కదా అంటారేమో. దాన్ని ప్రయాణంలో ఉతకం, ఒక్క పూటే వేస్తాం.

ఇప్పుడు తూకం. దేశంలో తిరిగే విమానాల్లో చేతిసంచికి సాధారణంగా 7 కిలోలు, లోపలికి పంపే పెట్టెకు 15 కిలోలు. ట్రాలీ పెట్టె ఖాళీగానే రెండు మూడు కిలోలు తూగుతుంది, అంటే మూడో వంతు అటూఇటుగా పెట్టెకే పోయింది. గుడ్డ సంచి కిలో లోపే. నేను చెప్పినవన్నీ, ల్యాప్‌టాపుతో సహా, 7 కిలోల్లో పట్టి ఇంకా మిగులుతుంది. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వేసి పంపనివ్వరు.

ఆ మిగిలిన చోటు ఖాళీగా పోదు లెండి. మీరు బయల్దేరుతున్నారన్న కబురు మీకంటే ముందు కాలనీ దాటుతుంది. "ఎట్లాగూ విశాఖ పోతున్నవ్ గద బిడ్డా, మా పెద్దోడు అక్కడ్నే ఉన్నడు, ఈ డబ్బా జర ఇచ్చిరా" అంటూ పక్కింటి పెద్దమ్మ వస్తుంది. కాదనలేం. పెద్దమ్మ ఇచ్చింది కారప్పొడి అయితే విమానంలో చేతిసంచిలో రానివ్వరు, దానికోసం వేరే పెట్టె పంపాలి. కొంతమంది హాయిగా రైలెక్కేది అందుకే. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక నాచారం వాళ్ళకు కొన్ని రైళ్ళు ఇంటి వెనకకే వచ్చినట్టయింది, అప్పటికి స్టేషన్ దాకా పోయే రోడ్డు ఇరుకుగానే ఉన్నా. సంక్రాంతి వేళ ఇచ్చేవి సకినాలైతే బరువు గొడవ లేదు, విరిగే గొడవ. సంచి అడుగున పెడితే అవతలికి చేరేది సకినాల పిండే. స్టీలు డబ్బాలో కాగితం పరిచి, పైన కూడా కాగితం ఉండచుట్టి కుదురుగా పెట్టి, మూత బిగించి, చొక్కాల పైన, అన్నిటికంటే పైన పెట్టండి. విశాఖలో దిగకముందే పెద్దమ్మ కొడుక్కు ఫోను చేయండి. స్టేషన్‌కే వచ్చి తీసుకుంటాడు, మీకు ఆటో ఖర్చు తప్పుతుంది.